శాతం పెరుగుదల లెక్కలు: ముందు "దేని మీద?" అని అడగండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు కొంతమంది పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఎనిమిదో తరగతి చదివే ఒకమ్మాయి మొన్న నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. "మాస్టారూ, అంతా బాగానే చేశాను. జవాబు మాత్రం తప్పంటున్నారు" అంది. లెక్క ఇది: సాధారణ రకం వరి ధాన్యానికి కేంద్రం ఇచ్చే మద్దతు ధర 2022–23లో క్వింటాలుకు 2040 రూపాయలు. 2023–24లో 2183 రూపాయలు. ధర ఎంత శాతం పెరిగింది?

తీసివేత బాగుంది, 143 వచ్చింది. భాగహారమూ బాగుంది, ఎక్కడా అంకె జారలేదు. కాకపోతే 143 కింద గీత గీసి, గీత కింద 2183 వేసింది. జవాబు 6.55 శాతం వచ్చింది. "ఇక్కడ 2183 ఎందుకు వేశావమ్మా?" అని అడిగితే, "ఇప్పుడు ధర అదే కదా మాస్టారూ" అంది.

తీసివేతలు, భాగహారాలు వచ్చిన పిల్లలు కూడా శాతం లెక్కల్లో మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. ఆ గీత కింద ఏ అంకె వేయాలో తెలియకపోవడం వల్ల. ఈ ఒక్కటీ కుదిరితే మిగతాదంతా చేతి పని. మీరు బడిలో చదువుతున్నా, రైల్వే, బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నా, ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని లెక్కలు చేయిస్తున్నా, కాగితం పెన్ను పట్టుకుని నాతో పాటు చేయండి. చదివి వదిలేస్తే ఈ లెక్కలు ఒంటబట్టవు.

నూటికి ఎంత?

శాతం అనే మాట చూసి టెన్షన్ పడే పిల్లవాడి ఇంట్లోనే అమ్మమ్మ "నూటికి రెండు రూపాయల వడ్డీ" అని నోటితో లెక్క చెప్పేస్తుంది. నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు. ఐదు వేలకు ఎంత? ఐదు వేలలో నూర్లు యాభై, కాబట్టి నెలకు వంద. ఆవిడకు కాగితం అక్కర్లేదు. శాతం అంటే ఇంతకు మించి ఏమీ లేదు: నూటికి ఎంత అని. శతం అంటే నూరు, అందులోంచే శాతం వచ్చింది. ఒడియా మీడియం పిల్లల పుస్తకంలో ఉండే "శతకడా", "ప్రతిశత" కూడా ఆ నూరే. పేర్లు మూడు, లెక్క ఒకటే. (అమ్మమ్మ చెప్పే నూటికి రెండు నెలకు. పుస్తకంలో వడ్డీ రేటు ఏడాదికి ఉంటుంది. నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. ఈ తేడా మాత్రం గుర్తు పెట్టుకోండి.)

వడ్డీ మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఇంకో మాట కూడా వాడతారు. "అసలు మీద", "ఐదు వేల మీద" అంటారు. ఆ "మీద" చాలా విలువైన మాట. ప్రతి శాతం ఏదో ఒక దాని మీద నిలబడి ఉంటుంది. ఐదు శాతం అని ఊరికే ఉండదు, ఫలానా దాని మీద ఐదు శాతం అనే ఉంటుంది. అందుకే నా దగ్గర పిల్లలు లెక్క మొదలుపెట్టే ముందు మార్జిన్‌లో "దేని మీద?" అని రాసి, దానికి జవాబు రాశాకే పెన్ను ముందుకు కదపాలి.

పెరుగుదల లెక్కల్లో ఆ జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: పెరగక ముందు ఉన్న దాని మీద. మొక్క ఎంత ఎదిగిందో చెప్పాలంటే నాటిన రోజు ఎత్తుతో పోలుస్తాం కదా, ఇదీ అంతే.

మొదటి పని: విభక్తి కింద గీత గీయండి

లెక్కను రెండుసార్లు చదవండి. రెండోసారి చదివేటప్పుడు అంకెల మీద కాకుండా, అంకెల వెనక అతుక్కున్న చిన్న మాటల మీద దృష్టి పెట్టండి. ఈ నాలుగు వాక్యాలు చూడండి.

బస్సు చార్జీ 50 రూపాయలు పెరిగింది.
బస్సు చార్జీ 50 రూపాయలకు పెరిగింది.
బస్సు చార్జీ 50 రూపాయల నుంచి పెరిగింది.
బస్సు చార్జీ 50 శాతం పెరిగింది.

నాలుగింటిలోనూ ఉన్నది యాభయ్యే. మొదటి దాంట్లో యాభై అనేది తేడా. రెండో దాంట్లో కొత్త చార్జీ. మూడో దాంట్లో పాత చార్జీ. నాలుగో దాంట్లో అసలు రూపాయలే కాదు. ఒక్క "కు" వచ్చి చేరితే లెక్క మొత్తం మారిపోయింది. పరీక్ష హాల్లో కంగారుగా చదివేవాళ్లు ఆ "కు"ను మింగేస్తారు.

మన వైపు పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఒడియాలో కూడా ఇదే "కు" ఉంది. "ధాన దర 2040 టంకారు 2183 టంకాకు బఢిలా" అని వాళ్ల పుస్తకంలో ఉంటే, "టంకారు"లోని "రు" మన "నుంచి", "టంకాకు"లోని "కు" మన "కు". ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కావడంతో లెక్కలు రావడం లేదని కొందరు తల్లిదండ్రులు బాధపడుతుంటారు. నేను చూసినంతలో, రెండు భాషల్లోనూ ఈ చిన్న ముక్కలను పట్టుకోవడం నేర్పితే, అదే పిల్లలు మిగతావాళ్ల కంటే జాగ్రత్తగా చదువుతారు. లెక్కను ఒకసారి ఒడియాలో చదివించి, వెంటనే "ఏం చెప్పిందో తెలుగులో చెప్పు" అని అడగండి. చెప్పగలిగితే సగం లెక్క అయిపోయినట్టే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. నోటితో మాట్లాడే భాషలో చెబితేనే చదువు తలకెక్కుతుందని వాదించిన ఆయన మాట నాకు ఎక్కువగా గుర్తొచ్చేది లెక్కల దగ్గరే.

రెండో పని: మూడు గళ్లు

కాగితం మీద మూడు గళ్లు గీయండి. పాతది, కొత్తది, తేడా. లెక్కలో ఇచ్చిన అంకెలను వాటిలో వేయండి. తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టండి. రూపాయలు, మనుషులు, కిలోలు మాత్రమే ఈ గళ్లలోకి వస్తాయి. శాతం వీటిలోకి రాదు, దాన్ని పక్కన విడిగా రాసుకోండి. శాతాన్ని తీసుకెళ్లి తేడా గడిలో వేయడం చాలామంది చేసే పొరపాటు. పదిహేను శాతం పెరిగిందంటే తేడా గడిలో 15 అని వేసి, పాతదానికి 15 కలిపేస్తారు.

మూడో పని: ముందే ఒక అంచనా

దీన్ని చాలామంది దాటేస్తారు. దయచేసి దాటకండి. పాతదానిలో పది శాతం ఎంతో నోటితో చెప్పడం నేర్చుకోండి. చివరి అంకె ముందు చుక్క పెడితే చాలు. 2040లో పది శాతం 204. ఒక శాతం కావాలంటే చుక్క ఇంకో గడి ముందుకు, 20.4. ఐదు శాతం అంటే పదిలో సగం, 102. ఇప్పుడు తేడా 143 చూడండి. అది 102 కంటే ఎక్కువ, 204 కంటే తక్కువ. అంటే జవాబు ఐదుకూ పదికీ మధ్య ఉండాలి. 102 పోగా ఇంకా 41 మిగిలింది, అది రెండు శాతం చిల్లర. మొత్తం ఏడు శాతం చిల్లర అన్నమాట. ఇంకా భాగహారం మొదలే పెట్టలేదు, జవాబు ఎక్కడుందో తెలిసిపోయింది.

పావు, సగం, ముప్పావు అని మనం రోజూ అనేవి కూడా శాతాలే. పావు వంతు పెరిగితే 25 శాతం, సగం పెరిగితే 50. పాతకాలం లెక్కల్లో వీసం అంటే పదహారో వంతు, అంటే 6.25 శాతం. రూపాయికి పదహారణాలున్న రోజుల్లో "రూపాయికి అణా లాభం" అంటే అదే.

శాతం ఎంత అని అడిగితే

తేడాను పాతదానితో భాగించి, నూరుతో గుణించాలి. సూత్రం అంతే. 143 ÷ 2040 × 100 = 7.01. అంచనాకు సరిపోయింది.

ఇంకొకటి మీరే చేయండి. అదే మద్దతు ధర 2024–25లో 2300, 2025–26లో 2369. తేడా 69. 2300లో ఒక శాతం 23. 69లో 23లు ఎన్ని? మూడు. సరిగ్గా 3 శాతం, భాగహారం అక్కర్లేకుండానే వచ్చేసింది.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే "దేని మీద?" అనే ప్రశ్న బలం ఈ ధాన్యం లెక్కలోనే బాగా కనబడుతుంది. ఒడిశా ప్రభుత్వం 2024–25లో మద్దతు ధర 2300 మీద క్వింటాలుకు ఇంకో 800 రూపాయలు సాయంగా ఇచ్చింది. రైతుకు మొత్తం 3100 ముట్టింది. ఆ 800 ఎంత శాతం? మద్దతు ధర మీద అయితే 800 ÷ 2300, అంటే 34.78 శాతం. రైతుకు చేతికొచ్చిన మొత్తంలో అయితే 800 ÷ 3100, అంటే 25.81 శాతం. రెండూ సరైనవే, అడిగిన ప్రశ్న వేరు. "మద్దతు ధర కంటే ఎంత శాతం ఎక్కువ వచ్చింది?" అంటే మొదటిది. "వచ్చిన డబ్బులో సాయం వాటా ఎంత శాతం?" అంటే రెండోది. "కంటే" ఉన్న మాట గీత కిందికి వెళ్తుంది. "లో" ఉన్న మాట కూడా గీత కిందికే. ఆ మాటలు వెతకండి.

అదే లెక్కను పొడిగిద్దాం. సాయం 800 దగ్గరే ఉండి, మద్దతు ధర మాత్రం 2300 నుంచి 2369కు పెరిగిందనుకోండి. మద్దతు ధర 3 శాతం పెరిగింది. రైతు చేతికొచ్చే మొత్తం? పాతది 3100, కొత్తది 3169, తేడా మాత్రం అదే 69. 69 ÷ 3100 అంటే 2.23 శాతం. తేడా మారలేదు, కింది అంకె పెద్దదైంది, శాతం తగ్గింది. ఇది అరుగు మీద చెప్పినప్పుడు ఒక రైతు కొడుకు వెంటనే, "అయితే మూడు శాతం పెరిగిందని విని మూడు శాతం ఎక్కువ డబ్బొస్తుందని అనుకోకూడదా మాస్టారూ?" అని అడిగాడు. అనుకోకూడదు. దేని మీద మూడు శాతమో తెలుసుకున్నాకే అనుకోవాలి.

పెద్ద అంకెలు వస్తే

జనాభా లెక్కలు చూసి భయపడేవాళ్లు ఎక్కువ. మన గజపతి జిల్లా జనాభా 2001లో 5,18,837. 2011లో 5,77,817. పదేళ్లలో ఎంత శాతం పెరిగింది?

తేడా 58,980. ఇప్పుడు ఉల్లిపాయ పొరలు తీసినట్టు తీద్దాం. పాతదానిలో పది శాతం 51,884 (51,883.7ను సరిచేశాం). తేడాలోంచి అది తీసేస్తే 7,096 మిగిలింది. ఒక శాతం 5,188. అదీ తీసేస్తే 1,908. ఇక 0.1 శాతం అంటే 519. 1,908లో అవి మూడు ఉన్నాయి, 1,557. మిగిలింది 351. 0.01 శాతం అంటే 52, అలాంటివి ఏడు సుమారుగా పడతాయి. మొత్తం 10 + 1 + 0.3 + 0.07 = 11.37 శాతం. అంతంత అంకెలతో పొడవాటి భాగహారం చేయకుండా, తీసివేతలతోనే వచ్చేసింది. క్యాలిక్యులేటర్ ఇవ్వని పరీక్షల్లో ఈ పద్ధతి ప్రాణం నిలబెడుతుంది.

పక్కనే గంజాం జిల్లా. 2001లో 31,60,635, 2011లో 35,29,031. తేడా 3,68,396. గజపతిలో పెరిగిన మనుషుల కంటే ఆరు రెట్లకు పైగా. మరి శాతం? అదే పద్ధతిలో చేసి చూడండి, 11.66 వస్తుంది. రెండు జిల్లాల శాతాల మధ్య తేడా 0.29, అంతే. రాయగడ జిల్లాలో 8,31,109 నుంచి 9,67,911. తేడా 1,36,802. గంజాం తేడాలో సగం కూడా లేదు, కానీ శాతం 16.46. "ఎక్కడ ఎక్కువ పెరిగింది?" అని లెక్కలో అడిగితే, మనుషులనా, శాతాన్నా అని చూసుకుని జవాబు రాయండి.

శాతం ఇచ్చి కొత్తది అడిగితే

ఇది సులువు. 8 శాతం పెరిగిందంటే నూరు 108 అయిందని అర్థం. అంటే పాతదాన్ని 1.08తో గుణిస్తే కొత్తది వస్తుంది. 2500 జీతం 8 శాతం పెరిగితే 2500 × 1.08 = 2700. 8 శాతాన్ని విడిగా లెక్కకట్టి కలిపినా తప్పేమీ లేదు. కాకపోతే ఈ 1.08 అలవాటు తర్వాత చాలాచోట్ల పనికొస్తుంది. 5 శాతానికి 1.05, 12 శాతానికి 1.12, 100 శాతానికి 2. జాగ్రత్త: 5 శాతానికి 1.5 వేసేవాళ్లున్నారు. 1.5 అంటే 50 శాతం పెరిగినట్టు.

కొత్తది ఇచ్చి పాతది అడిగితే

ఈ లెక్క దగ్గర బాగా చదివే పిల్లలు కూడా బోల్తా పడతారు.

బరంపురంలో పట్టుచీర కొన్నారు. 5 శాతం జీఎస్టీ కలిపి బిల్లు 8400 అయింది. జీఎస్టీ లేకముందు చీర ధర ఎంత?

తొందరపడి 8400లో 5 శాతం, 420 తీసేస్తారు. 7980 అని రాస్తారు. ఇప్పుడు మార్జిన్‌లో రాసుకున్న ప్రశ్న చూడండి: దేని మీద 5 శాతం? పన్ను వేసింది చీర ధర మీద, బిల్లు మీద కాదు. బిల్లులో పన్ను అప్పటికే కలిసిపోయింది. కాబట్టి 8400లో 5 శాతం తీస్తే, పన్ను మీద కూడా పన్ను తీసినట్టవుతుంది.

నూరు రూపాయల చీర అయితే బిల్లు 105. బిల్లు 105 ఉన్నప్పుడు ధర 100, బిల్లు 8400 ఉన్నప్పుడు ధర ఎంత? 8400 ÷ 1.05 = 8000. సరి చూడండి: 8000లో 5 శాతం 400, కలిపితే 8400. తొందరపాటు జవాబు 7980తో చేస్తే 7980 × 1.05 = 8379. బిల్లుకు 21 రూపాయలు తగ్గింది, కాబట్టి అది తప్పని మీకే తెలిసిపోతుంది.

పెంచడానికి గుణించాం కాబట్టి, వెనక్కి వెళ్లడానికి భాగించాలి. "పెరిగిన తర్వాత", "కలిపి", "అన్నీ పోను" లాంటి మాటలు లెక్కలో కనబడ్డాయంటే చెయ్యి ఆపి, ఇచ్చినది పాతదా కొత్తదా అని చూడండి.

పెరగడం, తగ్గడం ఒకే శాతం కావు

మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రలోని పాతపట్నం వైపు పెట్రోలు రేటు మన దగ్గరి కంటే ఎక్కువ. అందుకే బళ్లు అటు నుంచి ఇటు వచ్చి ట్యాంకు నింపుకుంటాయి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇక్కడ 100, అక్కడ 110 అనుకుందాం. అక్కడి రేటు మన రేటు కంటే 10 శాతం ఎక్కువ. మరి మన రేటు వాళ్ల రేటు కంటే ఎంత శాతం తక్కువ? పదే అనిపిస్తుంది. తేడా 10 రూపాయలే, కానీ ఈసారి "వాళ్ల రేటు కంటే" అన్నాం కాబట్టి గీత కింద 110. 10 ÷ 110 అంటే 9.09 శాతం. బంకు మారితే గీత కింది అంకె కూడా మారుతుంది.

ఇదే బాణీలో వంటింటి లెక్క ఒకటి పోటీ పరీక్షల్లో తరచూ వస్తుంది. నూనె ధర 25 శాతం పెరిగింది, నెల ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి? సూత్రం కంఠతా పట్టొద్దు. అంకెలు వేసుకోండి. లీటరు 160, నెలకు 5 లీటర్లు, ఖర్చు 800. ధర 25 శాతం పెరిగితే 200. అదే 800కు ఇప్పుడు 4 లీటర్లు వస్తాయి. 5 నుంచి 4కు తగ్గింది, 1 ÷ 5 అంటే 20 శాతం. ఇంట్లో అమ్మ సరుకుల చీటీ ముందు పెట్టుకుని ఆలోచించే పద్ధతి ఇదే.

వరస పెంపులు కూడా ఇలాంటివే. అద్దె ఒక ఏడు 10 శాతం, మరుసటి ఏడు 20 శాతం పెంచితే 30 కాదు. 5000 అద్దె 5500 అయింది. రెండో పెంపు 5500 మీద పడింది, 6600 అయింది. 5000 మీద 1600 పెరిగింది, 32 శాతం. ఇక్కడ 1.1 × 1.2 = 1.32 అని ఒక్క గుణకారంలో తేల్చేయొచ్చు.

శాతం మీద శాతం: డీఏ లెక్క

మా వీధిలో రైల్వే ఉద్యోగి ఒకాయన ఉన్నారు. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం (డీఏ) 2024 జులై నుంచి 50 శాతం నుంచి 53 శాతానికి పెరిగినప్పుడు, ఆయన కొడుకు "నాన్న జీతం 3 శాతం పెరిగింది" అని లెక్క కట్టుకొచ్చాడు. మంచి ప్రశ్న దొరికిందని ఆ రోజంతా దాని మీదే కూర్చున్నాం.

మూల వేతనం 20,000 అనుకోండి. మిగతా అలవెన్సులు పక్కన పెడదాం. డీఏ 50 శాతం ఉన్నప్పుడు 10,000, మొత్తం 30,000. డీఏ 53 శాతం అయ్యాక 10,600, మొత్తం 30,600. పెరిగింది 600 రూపాయలు. ఇక ప్రశ్నలు వేయండి. మూల వేతనం మీద 600 ఎంత? 600 ÷ 20,000, 3 శాతం. పాత డీఏ మీద ఎంత? 600 ÷ 10,000, 6 శాతం. పాత మొత్తం మీద ఎంత? 600 ÷ 30,000, 2 శాతం. ఒకే ఆరువందలకు మూడు జవాబులు. పత్రికలో "డీఏ 3 శాతం పెంపు" అని రాస్తే, అది మూల వేతనం మీద. ఇంటికొచ్చే జీతం పెరిగింది 2 శాతమే. కుర్రాడు 30,000 మీద 3 శాతం వేసి 900 అనుకున్నాడు. నాన్నకు పెరిగింది 600.

50 శాతం నుంచి 53 శాతానికి మారడాన్ని 3 శాతం పెరుగుదల అనకుండా 3 శాతం పాయింట్లు అంటే ఈ గందరగోళం రాదు. వడ్డీ రేట్లు, పన్ను రేట్లు, పాస్ పర్సెంటేజీ, ఏవి శాతంలో ఉన్నా, వాటి తేడా చెప్పేటప్పుడు ఇదే జాగ్రత్త. పోయిన ఏడు 40 శాతం మంది పాసై ఈ ఏడు 50 శాతం మంది పాసైతే, పెరిగింది 10 శాతం పాయింట్లు. "ఎంత శాతం పెరిగింది?" అని లెక్కలో అడిగితే మాత్రం 10 ÷ 40, అంటే 25.

"రెట్లు" అనే మాట కూడా చూసుకోండి. రెట్టింపు అయిందంటే 100 శాతం పెరిగినట్టు. మూడు రెట్లు అయిందంటే 200 శాతం పెరిగినట్టు, 300 కాదు. ఉన్న ఒక రెట్టు ముందే ఉంది, కొత్తగా వచ్చింది రెండు రెట్లే.

చివరి పని: వెనక్కి వేసి చూడటం

జవాబు వచ్చాక దాన్ని పాతదాని మీద వేసి, కొత్తది వస్తోందో లేదో చూడండి. అర నిమిషం పని. పోటీ పరీక్షల్లో నాలుగు ఆప్షన్లలో ఒకటి తప్పకుండా కింద తప్పు అంకె వేస్తే వచ్చే జవాబే ఉంటుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు మన పొరపాట్లు బాగా తెలుసు. మీ జవాబు ఆప్షన్లలో ఉన్నంత మాత్రాన సరైనదనుకోకండి. వెనక్కి వేసి చూడండి.

చేసి చూసుకోవడానికి కొన్ని ఇస్తున్నాను. మూడు గళ్లు గీసి చేయండి.

జీడిపప్పు కిలో 800 నుంచి 920కి పెరిగింది. ఎంత శాతం?
కొమ్ము బొమ్మలు చేసే కళాకారుడు బొమ్మ ధర 12 శాతం పెంచి 1400 చేశాడు. పాత ధర ఎంత?
2017–18లో ధాన్యం మద్దతు ధర 1550. 2018–19లో 200 రూపాయలు పెరిగింది. ఎంత శాతం?
ఒక బడిలో పిల్లల సంఖ్య 20 శాతం పెరిగి, మరుసటి ఏడు 20 శాతం తగ్గింది. మొదట 500 మంది ఉంటే చివరికి ఎంతమంది?

జవాబులు వరుసగా 15 శాతం, 1250 రూపాయలు, 12.90 శాతం, 480 మంది. నాలుగో దానికి 500 అని వచ్చిందా? రెండోసారి 20 శాతం 600 మీద పడింది, అది చూసుకోండి.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి చేత కూడా అదే చేయించాను. "నీ 6.55 శాతాన్ని పాత ధర మీద వెయ్యి" అన్నాను. 2040లో 6.55 శాతం 133.62 వచ్చింది. 2040కి కలిపితే 2173.62. "2183 రావాలి కదమ్మా, దాదాపు పది రూపాయలు ఎటు పోయాయి?" అని అడిగాను. కాసేపు నోటుబుక్కు వైపే చూసింది. తర్వాత రబ్బరు తీసుకుని, గీత కింద ఉన్న 2183 చెరిపేసి, అక్కడ 2040 వేసుకుంది.